పాత పికప్‌లో ఏబీఎస్ ఊరికే కొట్టుకుంటోందా? సెన్సర్ కింద తుప్పు చూడండి

స్టాప్ సైన్ దగ్గరికి వస్తున్నారు. రోడ్డు పొడిగా ఉంది, వానా లేదు, మంచూ లేదు, స్పీడు పది మైళ్లు కూడా లేదు. మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టారు. ఇంకో రెండడుగుల్లో బండి ఆగుతుందనగా పెడల్ కాలి కింద గరగరా కొట్టుకుంటుంది, సీటు కింద నుంచి మోటారు గుర్రుమంటుంది, బండి మాత్రం ఆగకుండా ఇంకో నాలుగైదు అడుగులు ముందుకు వెళ్లిపోతుంది. డ్యాష్‌బోర్డు చూస్తే ఒక్క లైటూ వెలగదు.

మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా లాంటి చోట్ల 1999 నుంచి 2006 దాకా వచ్చిన షెవ్రొలే సిల్వరాడో, జీఎంసీ సియెరా నడిపేవాళ్లకి ఇది బాగా తెలిసిన జబ్బే. మిషిగన్‌లో నోవై, కాంటన్ వైపు మన తెలుగువాళ్లు కూడా ఇంటి పనికీ, తోటలోకి మట్టి తెచ్చుకోడానికీ, ఇల్లు మారేటప్పుడు సామాను తోలుకోడానికీ ఇలాంటి పాత పికప్ ఒకటి కొని ఉంచుకుంటున్నారు కదా, వాళ్ల కోసమే రాస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ లక్షణం కనబడగానే ఖరీదైన ఏబీఎస్ మాడ్యూల్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ని నడిపే పెట్టె) కొనకండి. ముందు చక్రాల దగ్గరున్న స్పీడ్ సెన్సర్ కింద తుప్పు పట్టిందేమో చూడండి. ఒక శనివారం పొద్దున్న, కాస్త ఓపిక, చిన్నపాటి సామాను ఉంటే చాలు.

జనరల్ మోటార్స్ 2005 ఆగస్టులో సరిగ్గా ఈ కారణం మీదే రీకాల్ చేసింది, అంటే లోపమున్న బండ్లని బాగు చెయ్యడానికి వెనక్కి పిలిచింది. 1999-2002 మోడల్ పికప్‌లు, అదే చట్రం మీద కట్టిన ఎస్‌యూవీలు కలిపి ఎనిమిది లక్షల పైచిలుకు బండ్లు, అదీ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే 14 రాష్ట్రాల్లో. ఆ తర్వాతి మోడళ్లలోనూ సెన్సర్ అదే చోట అలాగే కూర్చుంటుంది, కాబట్టి మీ బండి రీకాల్ జాబితాలో లేదని ధీమాగా ఉండొద్దు. అప్పట్లో రీకాల్ కింద సెన్సర్ చోటు శుభ్రం చేయించిన బండి అయినా సరే, ఆ శుభ్రం చేసిన ముచ్చటకి ఇరవై ఏళ్లు దాటిపోయాయి, తుప్పు మళ్లీ వచ్చే ఉంటుంది. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగుల పైచిలుకు లోతులో ఉప్పు గనే ఉంది, ఇక్కడి రోడ్ల మీద ఉప్పుకి కొదవేముంది! విశాఖ బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ గ్రిల్స్ ఎలా తినేసి ఉంటాయో చూసినవాళ్లకి ఇంకా చెప్పక్కర్లేదు.

అసలు లోపల ఏం జరుగుతోంది

ఇది అర్థమైతే మిగతా పనంతా తేలిక, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. ముందు చక్రం హబ్ (చక్రం బిగించే, బేరింగ్ ఉండే మధ్య భాగం) లోపల పళ్లున్న ఒక రింగు తిరుగుతుంటుంది. దాని పక్కనే, వెంట్రుకవాసి ఎడంతో, ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట ఉన్న చిన్న సెన్సర్ ఉంటుంది. రింగు పళ్లు ఒక్కొక్కటీ ముందునుంచి వెళ్తుంటే తీగచుట్టలో కరెంటు పుడుతుంది. చక్రం వేగంగా తిరిగితే ఎక్కువ వోల్టేజి, మెల్లగా తిరిగితే తక్కువ. ఈ సెన్సర్‌కి బయటి నుంచి కరెంటు ఇవ్వరు, తనే పుట్టించుకోవాలి.

ఇప్పుడు సెన్సర్ కూర్చున్న హబ్ ముఖం మీద తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఉబ్బుతుంది. ఆ ఉబ్బు సెన్సర్‌ని కింద నుంచి పైకి నెడుతుంది. రింగుకీ సెన్సర్‌కీ మధ్య ఎడం పెరుగుతుంది. నలభై మైళ్ల స్పీడులో ఏ తేడా తెలీదు, ఎందుకంటే అప్పుడు సిగ్నల్ బలంగానే ఉంటుంది. కానీ బండి ఆగబోతున్నప్పుడు, ఏడెనిమిది మైళ్ల దగ్గర, అసలే బలహీనంగా ఉన్న సిగ్నల్ ఠక్కున మాయమైపోతుంది. మిగతా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, ఇదొక్కటే సున్నా చూపించింది. కంప్యూటర్‌కి దాని అర్థం ఒక్కటే, ఆ చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద ఈడ్చుకుపోతోందని. బిగిసిన చక్రాన్ని వదిలెయ్యడమే ఏబీఎస్ పని, కాబట్టి ఆ చక్రానికి బ్రేకు వదిలేస్తుంది. మీరు గట్టిగా తొక్కినా లాభం ఉండదు. లైటు ఎందుకు వెలగదంటే, ఆగబోయే బండిలో చక్రం స్పీడు సున్నాకి రావడం కంప్యూటర్‌కి మామూలు విషయమే, అందులో తప్పు పట్టడానికి దానికి ఏమీ కనబడదు.

అందుకే లైటు లేదు కదా అని తీసిపారెయ్యకండి. పార్కింగ్ లాట్లలో, స్కూళ్ల ముందు, ఇంటి డ్రైవ్‌వేలో, అంటే మనుషులు నడిచే చోట్ల, మెల్లగా వెళ్లేటప్పుడే ఇది బ్రేకు వదిలేస్తుంది. మిషిగన్‌లో బండ్లకి ఏటేటా తనిఖీ కూడా లేదు, మీరు పట్టుకోకపోతే ఇంకెవరూ పట్టుకోరు.

మొదటి పని: ఇది నిజంగా ఏబీఎస్సేనా?

బండి స్టార్ట్ చేసి కదలగానే సీటు కింద ఒక్కసారి చిన్నగా మోటారు చప్పుడో, టక్కుమన్న శబ్దమో వస్తే కంగారు పడొద్దు, ఏబీఎస్ తనను తాను పరీక్షించుకుంటోంది, అది మామూలే. అలాగే హైవే మీద నుంచి ఆపుతున్నప్పుడు స్టీరింగుతో పాటు పెడల్ కూడా అదిరితే డిస్కులు సమంగా లేవని అనుమానించండి, అది వేరే కథ. మనం మాట్లాడుకునేది ఆఖరి క్షణంలో, మెల్లటి స్పీడులో, మోటారు చప్పుడుతో వచ్చే గరగర.

డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్రేక్ లైటు వెలుగుతుంటే మాత్రం ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదిలారో లేదో, బ్రేక్ ఆయిల్ ఎంత ఉందో చూడండి. పెడల్ కిందికి దిగిపోతున్నా, స్పాంజిలా మెత్తగా ఉన్నా బండి కదపొద్దు. ఎక్కడో కారుతోంది.

బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు ఫ్యూజు బాక్సు ఉంటుంది. మూత వెనక బొమ్మలో ఏబీఎస్ అని రాసిన పెద్ద ఫ్యూజు కనబడుతుంది. ఇంజను ఆపి దాన్ని తీసి పెట్టుకుని, ఖాళీ పార్కింగ్ లాట్‌లో పది పదిహేను మైళ్ల నుంచి నాలుగైదు సార్లు మెల్లగా ఆపి చూడండి. గరగర పూర్తిగా పోయి బండి బుద్ధిగా ఆగితే దొంగ ఏబీఎస్ వైపే ఉన్నాడు. ఫ్యూజు తీస్తే ఏబీఎస్ లైటు, దాంతో పాటు ఎర్ర లైటు కూడా వెలగొచ్చు. దానికి కారణం ఉంది. ఈ బండ్లలో వెనక చక్రాలకి ఎంత బ్రేకు వెళ్లాలో చూసుకునేది కూడా ఇదే మాడ్యూల్. అది పని చేయనప్పుడు ఖాళీ పికప్ వెనక చక్రాలు తొందరగా బిగుసుకుని బండి వెనక భాగం పక్కకి తిరిగే ప్రమాదం ఉంది, ముఖ్యంగా తడి రోడ్డు మీద. అందుకని ఫ్యూజు తీసేసి అలాగే నెలల తరబడి నడుపుతున్నామని చెప్పేవాళ్ల మాట వినొద్దు. పరీక్ష అయ్యాక ఫ్యూజు తిరిగి పెట్టెయ్యండి.

ఏ చక్రం?

ఈ బండ్లలో ముందు రెండు చక్రాలకి ఒక్కో సెన్సర్, వెనక రెండింటికీ కలిపి ట్రాన్స్‌మిషన్ వైపు నుంచి ఒకే స్పీడు సిగ్నల్. అంటే అనుమానితులు ముగ్గురే. స్పీడోమీటర్ ముల్లు కూడా పిచ్చిగా ఊగుతుంటే ఆ వెనక సిగ్నల్ సంగతి చూడాలి, లేకపోతే ముందు చక్రాలే.

దీనికి మంచి సాధనం చక్రాల స్పీడు లైవ్‌గా చూపించే స్కానర్. ఇక్కడ ఒక జాగ్రత్త. చవగ్గా దొరికే కోడ్ రీడర్లు చాలావరకు ఇంజను కోడ్‌లే చదువుతాయి, ఏబీఎస్ జోలికి పోవు. కొనేముందు మీ మోడల్ ఏబీఎస్ డేటా చదువుతుందో లేదో చూసుకోండి. స్కానర్ తగిలించి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఖాళీ స్థలంలో ఇరవై మైళ్ల నుంచి మెల్లగా బండిని ఆగనివ్వండి. నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు, ఆ పని పక్కవాళ్లదే. అన్ని అంకెలూ కలిసి దిగుతూ వస్తాయి, ఎనిమిది, ఏడు, ఆరు, అంతలో ఒక చక్రం ఉన్నట్టుండి సున్నాకి పడిపోతుంది, మిగతావి ఇంకా ఐదు చూపిస్తుంటాయి. ఆ పడిపోయినదే మీకు కావలసింది.

స్కానర్ లేకపోతే మల్టీమీటర్ చాలు. ఆ చక్రాన్ని గాల్లోకి లేపి (ఎలా లేపాలో కింద చెప్తాను), సెన్సర్ వైరు కనెక్టర్ ఊడదీసి, మీటర్‌ని ఏసీ వోల్టేజిలో పెట్టి, చేత్తో చక్రం తిప్పండి. అటు వైపు, ఇటు వైపు ఒకే వేగంతో తిప్పి పోల్చండి. ఒకవైపు బాగా తక్కువ వస్తే అదే. చాలామంది ఓమ్స్ (తీగ నిరోధం) మాత్రం కొలిచి, వెయ్యికి అటూ ఇటూ వచ్చింది కదా, సెన్సర్ బాగానే ఉందని వదిలేస్తారు. ఓమ్స్ లోపల తీగ తెగిందో లేదో చెప్తాయి గానీ, సెన్సర్ తన చోటు నుంచి పైకి లేచిందని చెప్పవు. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే ఓమ్స్ చూసి సెన్సర్‌ని నమ్మి, షాపులో మాడ్యూల్ మార్పించాడు. అంత డబ్బూ పోసి, గరగరతోనే ఇంటికొచ్చాడు.

లైటు వెలిగి కోడ్ ఉంటే ఇంకా తేలిక. సి0035 ఎడమ ముందు సెన్సర్, సి0040 కుడి ముందు సెన్సర్. సి0265 వస్తే మాత్రం చక్రాలు విప్పకండి, దాని గురించి వేరుగా చెప్తాను.

విప్పడం, శుభ్రం చేయడం

నేల చదునుగా ఉండాలి. గేరు పార్కులో, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు కట్టెలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత జాకీతో లేపి, చట్రం కింద జాక్ స్టాండు పెట్టండి. ఉత్త జాకీ మీద నిలబడ్డ బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు. ఈ మాట దగ్గర నేను రాజీ పడను.

చక్రం ఊడదీశాక పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని హబ్‌ని ఊపి చూడండి. లటలటలాడితే, తిప్పినప్పుడు గిరగిరమని రాళ్లు నలిగినట్టు చప్పుడొస్తే బేరింగ్ పోయింది, శుభ్రం చేసి లాభం లేదు, హబ్ మొత్తం మార్చాలి. కొత్త హబ్‌తో సెన్సర్ కూడా వస్తుంది. అక్కడ మాత్రం మరీ చవకది కొనకండి, అందులోని సెన్సర్ ఆరు నెలలు తిరక్కుండా మొరాయిస్తే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది.

హబ్ గట్టిగా ఉంటే ముందుకి వెళ్దాం. కాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే బ్రేకు భాగం), దాన్ని పట్టుకున్న బ్రాకెట్ విప్పి, కాలిపర్‌ని ఒక తీగతో పైన కట్టెయ్యండి, బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి. డిస్కు తుప్పుతో అతుక్కుని ఉంటే రబ్బరు సుత్తితో చుట్టూ కొడితే వదులుతుంది. డిస్కు వెనక ఇప్పుడు సెన్సర్ కనబడుతుంది, నల్లటి ప్లాస్టిక్ ముక్క, ఒకే ఒక చిన్న బోల్టు. బోల్టు మీదా చుట్టూరా తుప్పు వదిలించే నూనె కొట్టి టీ తాగిరండి, నిజంగానే పావుగంట ఆగితే చాలా తేడా ఉంటుంది. బోల్టు వచ్చాక సెన్సర్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో కింద నుంచి ఎత్తితే ప్లాస్టిక్ చెవి పుటుక్కున విరిగి, మిగతా సగం రంధ్రంలోనే ఉండిపోతుంది. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్, జాగ్రత్తగా ఉన్నా విరగొచ్చు, అందుకే పని మొదలుపెట్టే ముందే ఒక కొత్త సెన్సర్ చేతిలో ఉంచుకోవడం మంచిది. విరిగితే ఆ ముక్కని పైకే లాగాలి, లోపలికి నెట్టకూడదు, లోపల బేరింగ్ ఉంది.

సెన్సర్ రాగానే ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఇప్పుడు సెన్సర్ కూర్చున్న చోటుని టార్చిలైటు వేసి దగ్గరగా చూడండి. చదునుగా ఉండాల్సిన ఇనుము గోధుమరంగు పొలుసులు పొలుసులుగా లేచి ఉంటుంది, గోరుతో గీకితే పెళ్లలు ఊడొస్తాయి. రంధ్రం అంచు చుట్టూ గాజులా ఒక ఉబ్బు. సెన్సర్‌ని తిరగేస్తే దాని అడుగున కూడా అదే గుండ్రటి ముద్ర పడి ఉంటుంది. ఆ పొలుసు మందం ఒక పోస్టుకార్డుకి మించదు. బండిని స్టాప్ లైను దాటించింది అంతే.

వైరు బ్రష్‌తో, ఆ తర్వాత ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్), మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దండి. రుద్దేది పొలుసునే, ఇనుముని కాదు. గుంట పడితే సెన్సర్ వంకరగా కూర్చుంటుంది. సెన్సర్ కొనలో అయస్కాంతం ఉంటుంది కదా, దానికి ఇనప రజను మీసాల్లా అంటుకుని ఉంటుంది, గుడ్డతో తుడిచెయ్యండి. రుద్దిన చోట జింక్ ఉన్న స్ప్రే పెయింటు పల్చగా కొట్టి ఆరనిచ్చి, దాని మీద వీల్ బేరింగ్ గ్రీజు పలచని పూత పూయండి. ముద్దలు ముద్దలుగా పెట్టి అదే ఇంకో ఎత్తు కాకుండా చూసుకోండి. గుడ్డ తీసి, సెన్సర్ చేత్తో అదిమితే దిగిపోవాలి. బోల్టు లాగి లాగి సెన్సర్‌ని కూర్చోబెట్టడం తప్పు. చక్రం నట్లు ఈ బండికి 140 ఫుట్-పౌండ్లు, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే రెంచ్), ఎదురెదురుగా బిగించండి. కాలిపర్, బ్రాకెట్ బోల్టులకి మీ మోడల్ మాన్యువల్‌లో అంకె చూసుకోండి, 1500 మోడల్‌కీ, ఇంకా బరువైన 2500 మోడల్‌కీ ఒకటే కాదు.

ఒక వైపే తప్పు దొరికినా రెండో వైపు కూడా ఇదే పని చేసెయ్యండి. రెండు చక్రాలూ ఒకే ఉప్పు తిన్నవే.

తుప్పు లేకపోతే వైరు, గ్రౌండ్

సెన్సర్ వైరు బ్రేక్ గొట్టం వెంట పైకి వెళ్తుంది. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ అది వంగుతుంది, క్లిప్పు దగ్గర పై తొడుగు బాగానే కనబడుతూ లోపల తీగ తెగిపోయి ఉండొచ్చు. మీటర్ తగిలించి వైరుని వంచుతూ అంకె చూడండి, ఎగిరెగిరి పడితే దొరికినట్టే. కనెక్టర్‌లో పచ్చటి చిలుముంటే శుభ్రం చెయ్యండి.

ఇక సి0265. ఏబీఎస్ లైటు వస్తూ పోతూ ఉంటే, ఈ కోడ్ ఉంటే, డ్రైవరు తలుపు కింద చట్రం మీద చూడండి. మాడ్యూల్ అక్కడే బిగించి ఉంటుంది, దానికి కాస్త అటూ ఇటూలో లావుపాటి నల్ల గ్రౌండ్ వైరు (కరెంటు చట్రంలోకి తిరిగి వెళ్లే దారి) చట్రానికి బోల్టు వేసి ఉంటుంది. ఆ కొస తుప్పుతో ఇనుముకి అంటీ అంటనట్టు ఉంటుంది. దీని గురించి కంపెనీయే డీలర్లకి సూచన పంపింది, గ్రౌండ్ మళ్లీ కొత్తగా వెయ్యమని. బ్యాటరీ నెగటివ్ తీసేసి, పాత కొస కత్తిరించి, కొత్త రింగు టెర్మినల్ వేసి, చట్రం మీద పెయింటు గీకి మెరిసే చోట గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయండి. అరగంట పని.

ఇవన్నీ అయ్యాకే మాడ్యూల్ మీద అనుమానం పడాలి. అప్పుడు కూడా కొత్తది కొననక్కర్లేదు, ఎలక్ట్రానిక్ భాగాన్ని బ్రేక్ పైపులు విప్పకుండానే స్క్రూలు తీసి వేరు చేసి, బాగు చేసేవాళ్లకి పంపించొచ్చు. పైపులు విప్పితే మాత్రం లోపల గాలి చేరుతుంది, దాన్ని పూర్తిగా తియ్యాలంటే వాల్వులు నడిపించే స్కానర్ కావాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఆ కింద పడుకున్నప్పుడే ఇంకో పని చెయ్యండి, ఇది దాటెయ్యకండి. మాడ్యూల్ నుంచి బయల్దేరే ఉక్కు బ్రేక్ పైపుల్ని టార్చిలైటుతో ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడండి. ఈ బండ్లలో పైపులు తుప్పు పట్టి పగలడం మీద అమెరికా రహదారి భద్రతా సంస్థ ఏళ్ల తరబడి విచారణ చేసి, 2015లో రీకాల్ లేకుండానే ముగించింది. పైపులు తనిఖీ చేసుకోమని, చలికాలం అయ్యాక అడుగు భాగం కడుక్కోమని యజమానులకే చెప్పింది. పైపు పైన తడి మెరుపు, పొక్కులు, పొలుసులు కనబడితే ఏబీఎస్ సంగతి తర్వాత, ముందు ఆ పైపులు మార్పించండి. తుప్పుపట్టిన పైపుని గట్టిదో కాదో చూద్దామని వంచొద్దు, అక్కడికక్కడే విరుగుతుంది.

పరీక్ష

అంతా బిగించాక బండి కదిపే ముందు, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. కాలిపర్ తీసి పెట్టారు కాబట్టి మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది, అది గోడ ముందు తెలుసుకునే విషయం కాదు. తర్వాత ఖాళీ పార్కింగ్ లాట్. ఇరవై మైళ్ల నుంచి, పది నుంచి, ఐదు నుంచి, మెల్లగా ఒకసారి, కాస్త గట్టిగా ఒకసారి, స్టీరింగు కొంచెం తిప్పి ఒకసారి. ఆఖరి అడుగులో పెడల్ కాలి కింద కదలకుండా ఉండి, ముందు భాగం చిన్నగా వంగి, బండి మీరు ఆపాలనుకున్న చోటే ఆగాలి. ఆ తర్వాత ఇసుకో కంకరో ఉన్న చోట, ఎవరూ లేకుండా చూసుకుని, ఒక్కసారి గట్టిగా తొక్కండి. ఇప్పుడు పెడల్ కొట్టుకోవాలి, ఎందుకంటే ఈసారి చక్రం నిజంగానే జారుతోంది. కాలు తియ్యకుండా, పంపు కొట్టినట్టు తొక్కకుండా అలాగే నొక్కి పట్టుకోండి, స్టీరింగు మీ మాట వింటుంటే ఏబీఎస్ తన పని తాను చేస్తున్నట్టే. నట్లు మాత్రం ఓ యాభై మైళ్లు తిరిగాక ఇంకోసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి.